కారు సీట్లకు తోలు కవర్లు ఇంట్లోనే మార్చుకోవడం ఎలా

ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తొడ ఒరుసుకునే కుడి అంచు దగ్గరే డ్రైవరు సీటు ముందుగా పాడవుతుంది. మొదట మెరుపు పోతుంది, తరువాత సన్నని నెర్రెలు వస్తాయి, ఒక వేసవి గడిచేసరికి ఆ నెర్రెలు విచ్చుకుని లోపలి పసుపుపచ్చ స్పాంజి బయటపడుతుంది. మా పాత హ్యాచ్‌బ్యాక్ కారు ముందు సీట్లు రెండూ ఈ స్థితికి వచ్చినప్పుడు కుషన్ వర్క్స్ దుకాణానికి ఇవ్వకుండా నేనే వాటి కవర్లు మార్చాను. ఆ తరువాత బంధువుల కార్లు రెండింటికి కూడా చేశాను. ఆ పనిలో తెలిసివచ్చిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. కవరును ఎంత బలంగా లాగినా అది బిగువుగా కూర్చోదు. స్పాంజి గాడుల అడుగున దాగి ఉండే సన్నని తీగకు దాన్ని సరైన చోట, సరైన వరుసలో కట్టినప్పుడే కూర్చుంటుంది. అందుకే ఈ వ్యాసంలో మిగతా పనులకన్నా ఆ తీగ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

‘సీటు కవరు’ అనే మాటను మనం రెండు వేర్వేరు వస్తువులకు వాడుతున్నాం. అసలు సీటు మీద చొక్కాలా తొడిగి అడుగున ఎలాస్టిక్‌తో బిగించేది ఒకటి. అసలు కవరును పూర్తిగా ఊడదీసి, దాని స్థానంలో స్పాంజికి నేరుగా ఎక్కించేది మరొకటి. మొదటిదానికి గంట సమయం చాలు, సీటు విప్పే అవసరమూ లేదు, కానీ కొన్ని నెలలకే అది జారుతుంది, కూర్చునే చోట కుచ్చులు పడుతుంది, రెండు పొరల మధ్య దుమ్మూ చెమటా చేరతాయి. నేను చెప్పబోయేది రెండోదాని గురించి. దీనికి మొదటి సీటుకు ఒక పగలంతా పడుతుంది, చేయి తిరిగాక రెండో సీటుకు ఒక పూట పడుతుంది. ఒక సీటును పూర్తిగా బిగించి కారులో పెట్టిన తరువాతే రెండోదాన్ని విప్పండి, ఎందుకంటే ఏ క్లిప్పు ఎటు తిరిగి ఉండేదో, ఏ కుట్టు ఎక్కడ ఆగేదో సందేహం వచ్చినప్పుడు చూసుకోవడానికి చెక్కుచెదరని సీటు ఒకటి కళ్ళ ముందు ఉండాలి.

కొనేది తోలా, రెక్సినా

లెదర్ పేరుతో దుకాణాల్లో అమ్మే కవర్లలో చాలావాటిలో తోలు ఉండదు. గుడ్డ మీద పి.వి.సి. పూత పూసినదాన్ని మనం రెక్సిన్ అంటాం; పాలీయురెథేన్ పూత పూసినది పి.యు. లెదర్. ‘నాపా’ అనేది మెత్తని నిజమైన తోలుకు ఉన్న పేరే గాని, ఇప్పుడు మెత్తగా ఉన్న ప్రతి కృత్రిమ సరుకుకూ ఆ పేరు తగిలిస్తున్నారు. పైవైపు ఎంత పరీక్షించినా తేడా తెలియదు, అంచు తిప్పి వెనుకవైపు చూడాలి. నిజమైన తోలు వెనుక పీచుపీచుగా ఉంటుంది, దాని మీద ఒక నీటిచుక్క వేస్తే మెల్లగా ఇంకిపోతుంది. కృత్రిమమైనదాని వెనుక అల్లిన గుడ్డ కనిపిస్తుంది. అమ్మేవారు కవరును పూర్తిగా ప్యాక్ చేసి ఉంచి వెనుకవైపు చూపడానికి ఇష్టపడకపోతే అక్కడ కొనకండి.

కృత్రిమ సరుకు కొనడం తప్పేమీ కాదు, మీ ఊరి వాతావరణాన్ని చూసుకుని కొనాలి. రెక్సిన్‌కు మెత్తదనం కోసం కలిపే ప్లాస్టిసైజర్ ఎండకు కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది గనుక, బయట 40 డిగ్రీల ఎండ ఉన్నప్పుడు మూసి ఉంచిన కారు లోపల 60 డిగ్రీలు దాటే మన వేసవుల్లో అది గట్టిపడి చీలుతుంది. పి.యు. ఎండకు కొంత ఓర్చుకుంటుంది గాని తేమను తట్టుకోలేదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో చవకరకం పి.యు. మూడు నాలుగేళ్ళకే పొట్టులా రాలి ప్యాంటుకు అంటుకోవడం చూశాను. తేమ వల్ల ఆ పూత రసాయనికంగా విరిగిపోతుంది, దాన్ని ఏ పాలిషూ తిరిగి అతికించలేదు. నిజమైన తోలుకు తీరంలో బూజు బెడద, రాయలసీమ, తెలంగాణ ఎండల్లో ఎండిపోయే బెడద ఉన్నా, రెంటికీ ఇంట్లో చేసుకోగల సంరక్షణ ఉంది.

మొత్తం కవరు తోలుతోనే ఉండాలన్న పట్టుదల కూడా అక్కరలేదు. కంపెనీ నుంచి లెదర్ సీట్లతో వచ్చే కార్లలో సైతం చాలావాటిలో ఒంటికి తగిలే భాగాలకే తోలు వాడి, పక్కలకూ వెనుకకూ కృత్రిమ సరుకు వేస్తారు. అదే పద్ధతిలో కుట్టించుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. తోలును చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. పశువు వీపు భాగం నుంచి వచ్చిన తోలు సాగదు, పొట్ట భాగం నుంచి వచ్చినది సాగుతుంది, కాబట్టి కూర్చునే మధ్య పలకలు వీపు భాగం నుంచి కోయమని కుట్టేవారికి ముందే చెప్పండి. దారం పాలియెస్టర్‌దై ఉండాలి. నైలాన్ దారం బలమైనదే అయినా ఎండలోని అతినీలలోహిత కిరణాలకు తొందరగా పీలికలవుతుంది.

అన్నింటికన్నా ముఖ్యంగా, కవరు మీ కారు మోడలుకూ, ఆ మోడలులో మీ ఏడాదికీ కుట్టినదై ఉండాలి. ‘అన్ని కార్లకూ సరిపోతుంది’ అన్న కవరులో లోపలి గాడులకు కట్టే పట్టీలు ఉండవు. కవరును తిరగేసి చూసినప్పుడు, లంగాకు బొందు దూర్చే మడతలాంటి సన్నని గుడ్డ పట్టీలు కుట్లకు లోపలివైపున కనిపించాలి, కింది అంచుల వెంట పొడవాటి ప్లాస్టిక్ కొక్కేలు కుట్టి ఉండాలి. ఈ రెండూ లేని కవరు ఎంత ఖరీదైనదైనా తొడిగే కవరే.

ఎయిర్‌బ్యాగ్ సంగతి తేల్చుకోకుండా స్పానర్ పట్టకూడదు

సీటు ఆనుకునే భాగంలో తలుపు వైపున ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉన్న చిన్న చీటీ కుట్టి ఉంటే, ఆ సీటులోనే పక్క ఎయిర్‌బ్యాగ్ ఉందని అర్థం. ఆరు ఎయిర్‌బ్యాగులున్న కార్లలో సాధారణంగా రెండు ఇక్కడే ఉంటాయి. ప్రమాద సమయంలో అది రెప్పపాటు కన్నా తక్కువ వ్యవధిలో కవరు కుట్టును చీల్చుకుని బయటికి రావాలి, అందుకని ఆ ఒక్క కుట్టును తయారీదారులు సులువుగా తెగే దారంతో, లెక్క ప్రకారం వేస్తారు. మామూలు బలమైన దారంతో కుట్టిన కవరు అక్కడ పడితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది, లేదా వేరే దిశకు మళ్ళుతుంది. అటువంటి సీటుకు ఆ మోడలు కోసం ఎయిర్‌బ్యాగ్ కుట్టుతో తయారైన కవరు దొరికితేనే మార్చాలి, ఆ కుట్టు తలుపు వైపుకే రావాలి, దాన్ని ఇంట్లో విప్పి మళ్ళీ కుట్టకూడదు. అలాంటి కవరు దొరకని పక్షంలో ఈ పని మానుకోవడమే నా సలహా. నాకు తెలిసినవారు అడిగినప్పుడు కూడా ఇదే చెప్పి రెండుసార్లు నిరాకరించాను.

పక్క ఎయిర్‌బ్యాగ్ లేని సీటులోనూ వైర్లు ఉంటాయి. మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్తగా తయారైన కార్లన్నింటిలో ముందు ఇద్దరికీ సీటు బెల్టు హెచ్చరిక తప్పనిసరి అయింది, కాబట్టి ఆ తరువాతి కార్లలో ఎడమ సీటు కింది భాగంలో, కవరుకూ స్పాంజికీ మధ్య, మనిషి కూర్చున్నాడా లేదా పసిగట్టే పలుచని రేకులాంటి సెన్సరు ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని మడవకూడదు, దాని మీద జిగురు పడకూడదు, అది ఉన్న చోటు నుంచి ఒక అంగుళం కూడా జరగకూడదు. సీట్లలోంచి చల్లగాలి వచ్చే ఏర్పాటు ఉన్న కార్లకు సన్నని రంధ్రాలున్న తోలే వేయాలి.

ఇంజను ఆపి, తాళంచెవి తీసి, 10 ఎం.ఎం. స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ తీగను విప్పి పక్కకు మళ్ళించి, కనీసం పావుగంట ఆగండి. బ్యాటరీ తీసేసిన తరువాత కూడా ఎయిర్‌బ్యాగ్ పరికరంలోని కెపాసిటర్లలో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది గనుక ఈ ఆగడం తప్పనిసరి. సీటు కింద పసుపు రంగు ప్లగ్గు కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థకు చెందినది. దానిలో మల్టీమీటరు కొనలు గాని, టెస్టరు గాని పెట్టవద్దు. సీటు ప్లగ్గులు ఊడి ఉండగా ఒక్కసారి తాళం తిప్పినా ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని కార్లలో వర్క్‌షాపువారు లోపాలు చదవడానికి వాడే స్కానరు పెడితే తప్ప ఆరదు. ఎలక్ట్రిక్ సీటు ఉన్నవారు మరో జాగ్రత్త తీసుకోవాలి: బ్యాటరీ తీసేశాక సీటు జరగదు, కాబట్టి ముందే దాన్ని వెనక్కీ ముందుకీ జరిపి నాలుగు బోల్టులనూ కొద్దిగా వదులు చేసుకుని, ఆ తరువాతే బ్యాటరీ దగ్గరికి వెళ్ళాలి.

సీటును బయటికి తీయడం

సాకెట్ సెట్టు, రాచెట్, బోల్టును కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచి, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయర్, ప్లాస్టిక్ మూతలు ఊడదీసే చదునైన పుల్లలు, హాగ్ రింగులనే చిన్న ఇనుప రింగులు, వాటిని నొక్కే ప్రత్యేక ప్లయర్, హెయిర్ డ్రయ్యర్, ఒక దబ్బనం, సన్నని పాలిథిన్ సంచులు దగ్గర పెట్టుకోండి. రింగుల ప్లయర్ కొనడానికి వెనుకాడకండి. మామూలు ప్లయర్‌తో రింగు నొక్కితే అది వంకరగా ముడుచుకుని జారుతుంది, జారిన ప్రతిసారీ దాని మొన కొత్త తోలును గీస్తుంది.

సీటును పూర్తిగా వెనక్కి జరిపితే ముందు బోల్టులు రెండూ, పూర్తిగా ముందుకు జరిపితే వెనుక బోల్టులు రెండూ కనిపిస్తాయి. వాటిపై ప్లాస్టిక్ మూతలుంటే మెల్లగా లేపాలి. చాలా కార్లలో 14 ఎం.ఎం. సాకెట్ సరిపోతుంది, యూరప్ తరహా కార్లలో నక్షత్రం ఆకారపు తలలుంటాయి. హెడ్‌రెస్ట్ తీసేసి, సీటును వెనక్కి వంచి, కింద ఉన్న ప్లగ్గుల తాళాన్ని ముందు జరిపి ఆ తరువాత లాగండి. ముందు సీటు 15 నుంచి 20 కిలోల దాకా బరువుంటుంది, సీటు జరిగే ఇనుప పట్టాల అంచులు కత్తిలా ఉంటాయి. తలుపు గడప మీద పాత దుప్పటి మడత వేసి, చేతులకు తొడుగులు వేసుకుని, ఇద్దరు కలిసి దించితే పెయింటుకూ నడుముకూ మంచిది. దించిన సీటును నేల మీద కాకుండా ఒక బల్ల మీదో మంచం మీదో పెట్టుకోండి, పని మొత్తం వంగి చేసేదే.

పాత కవరును విప్పడమే అసలు పాఠం

ఇక్కడ తొందరపడినవారు కొత్త కవరు ఎక్కించేటప్పుడు ఇబ్బంది పడతారు. ప్రతి మూత, ప్రతి క్లిప్పు విప్పే ముందు ఫోనుతో ఫోటో తీయండి. పక్కనున్న ప్లాస్టిక్ మూతలు, ఎత్తు సరిచేసే పిడి, వెనక్కి వంచే పిడి స్క్రూలతో గాని, లోపలి స్ప్రింగు క్లిప్పుతో గాని ఉంటాయి. స్ప్రింగు క్లిప్పు రకమైతే పిడికీ మూతకూ మధ్య ఒక గుడ్డ పీలిక దూర్చి, బూట్లు తుడిచినట్టు అటూ ఇటూ లాగితే క్లిప్పు జారి వస్తుంది. ఆనుకునే భాగాన్నీ కూర్చునే భాగాన్నీ విడదీయకుండా పని జరిగే సీట్లలో విడదీయకండి. ఆ కీలు దగ్గర ఉండే చుట్టు స్ప్రింగు బిగువు మీద ఉంటుంది, అది వదులైతే వేళ్ళకు ప్రమాదం. బెల్టు బకిల్ బోల్టు కూడా వీలైనంతవరకు కదపవద్దు.

కూర్చునే భాగాన్ని తిరగేస్తే, కవరు అంచుల వెంట ప్లాస్టిక్ కొక్కేలు ఇనుప చట్రాన్ని పట్టుకుని కనిపిస్తాయి. అంచును కొద్దిగా లోపలికి నొక్కి తిప్పితే అవి వదులుతాయి. నాలుగు వైపులా వదిలాక కవరును పైకి ఒలుస్తూ పోతే కొంతదూరం వచ్చి ఆగిపోతుంది, అక్కడ బలవంతంగా లాగకూడదు. స్పాంజిలోని గాడి అడుగున కవరు పట్టీ రింగులతో కట్టి ఉంటుంది. ఈ ఏర్పాటును ఒకసారి దగ్గరగా చూడండి. స్పాంజిని పోతపోసేటప్పుడే గాడి అడుగున ఒక తీగను అందులో ఇమిడ్చి ఉంచుతారు. కవరు పట్టీలో మరొక సన్నని కడ్డీ దూరి ఉంటుంది. హాగ్ రింగు ఈ రెంటినీ కలిపి పట్టుకుంటుంది. సీటు మీద పైనుంచి కనిపించే లోతైన గీతలన్నీ ఈ రెండు తీగల కలయిక వల్ల ఏర్పడినవే.

ప్రతి రింగునూ కటింగ్ ప్లయర్‌తో కత్తిరించి తీయండి, కళ్ళద్దాలు పెట్టుకోండి, ముక్కలను ఒక డబ్బాలో వేసి లెక్కపెట్టండి. స్పాంజిలో మిగిలిపోయిన ఒక్క ముక్క తరువాత తొడలో గుచ్చుకుంటుంది, అందుకని చివరలో అయస్కాంతం తిప్పి చూడడం మంచిది. ఏ గాడిలో ఎన్ని రింగులు, ఎంత దూరంలో ఉన్నాయో కాగితం మీద సీటు బొమ్మ గీసి గుర్తు పెట్టుకోండి. మా కారు సీటు గాడిలో పసుపు అక్షింతలు, ఒక గాజుముక్క, రెండు రూపాయి బిళ్ళలు దొరికాయి. ఎన్నో పెళ్ళిళ్ళకు తిరిగిన కారు అది. ఆ అక్షింతలను తీసి తులసికోటలో వేశాను గాని, గాజుముక్క మాత్రం అప్పటికే స్పాంజిని కొంత కోసేసింది, గాడులు శుభ్రం చేయాలని చెప్పడానికి అదే కారణం.

పాత కవరు పట్టీల్లోని కడ్డీలను పారేయకండి. కొత్త కవర్లు చాలావరకు ఖాళీ పట్టీలతోనే వస్తాయి, ఈ కడ్డీలనే వాటిలోకి మార్చాలి. తీసిన ప్రతి కడ్డీకీ ఒక కాగితపు టేపు చుట్టి ‘కూర్చునే భాగం, ఎడమ’, ‘ఆనుకునే భాగం, అడ్డం’ అని రాయండి. నేను మొదటిసారి ఈ పని చేయలేదు. ఎడమ కడ్డీకీ కుడి కడ్డీకీ ఉన్న వంపులో తేడా అరంగుళమే కదా అనుకుని తారుమారుగా దూర్చాను. రింగులన్నీ నొక్కాక నిలబడి చూస్తే సీటు మీది రెండు గీతలు ఒకదానివైపు ఒకటి వాలి ఉన్నాయి. ఆ రాత్రి పద్నాలుగు రింగులూ కత్తిరించి మళ్ళీ మొదటినుంచి కట్టాల్సి వచ్చింది.

స్పాంజిని సరిచేయకుండా తోలు వేయవద్దు

అణిగిపోయిన స్పాంజి మీద కొత్త తోలు ఎంత చక్కగా ఎక్కించినా పది రోజుల్లో వదులవుతుంది. డ్రైవరు సీటు తలుపు వైపు గట్టు, అంటే పక్కన ఎత్తుగా ఉండే అంచు, దాదాపు ఎప్పుడూ నలిగి ఉంటుంది. నలిగిన మేరకు చదునుగా కోసి, 40 డెన్సిటీ స్పాంజి ముక్కను రబ్బరు జిగురుతో అతికించండి. జిగురును రెండు వైపులా పూసి, చేతికి అంటకుండా ఆరనిచ్చి, ఆ తరువాత నొక్కాలి. అతికిన ముక్కను బ్లేడుతో, ఆపై గరుకు కాగితంతో అసలు వంపుకు తెచ్చి, కుడి ఎడమ గట్ల ఎత్తును కొలిచి చూసుకోండి. పైన అర సెంటీమీటరు మందపు మెత్తని పొర వేస్తే అతుకు తెలియదు, అయితే ఆ పొర గాడుల్లోకి దిగకుండా అంచు దగ్గరే కత్తిరించాలి. గాడి పూడితే రింగు తీగదాకా అందదు. స్పాంజిలో ఇమిడిన తీగ ఎక్కడైనా ఊడివస్తే, అదే మందం తీగ ముక్కను ఒక గట్టి క్యాన్వాసు గుడ్డకు కుట్టి, ఆ గుడ్డను స్పాంజి అడుగునుంచి అతికిస్తే నిలుస్తుంది.

కొత్త కవరు ఎక్కించడం

కవరును లోపలివైపు పైకి ఉండేలా తిరగేసి గంటసేపు వెచ్చని ఎండలో పరచండి. మడతలు సడలుతాయి, తోలు చేతికి లొంగుతుంది. నడివేసవి మధ్యాహ్నం బండమీద మాత్రం వేయకండి, అంత వేడి అక్కరలేదు.

కడ్డీలు దూర్చిన కవరును కూర్చునే భాగం మీద తిరగేసినట్టే పెట్టి, మధ్య గాడితో మొదలుపెట్టాలి. ఆ గాడిలోనూ మొదటి రింగు నడిమధ్యన పడాలి, తరువాత దానికి ఎడమన ఒకటి, కుడిన ఒకటి, ఇలా రెండు చివరలకూ సమంగా పోవాలి. ఈ వరుసను నాకు చెప్పింది మా ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా సీట్లు కుట్టే ఒక పెద్దాయన. ‘ఒక చివర మొదలుపెడితే సాగిందంతా రెండో చివరకు చేరి అక్కడ ముద్దవుతుందండీ’ అన్నారు. పాత రింగు ఎక్కడ ఉండేదో కొత్తది అక్కడే పడాలి. రింగు నొక్కేముందు అది రెండు తీగలనూ పట్టుకుందా, పట్టీ గుడ్డను మాత్రమే పట్టుకుందా అని వేలితో తడిమి చూడండి, గుడ్డను మాత్రమే పట్టుకున్న రింగు నెల తిరక్కుండా చించుకుని వస్తుంది. రింగులకు బదులు వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగులు వాడేవారున్నారు. కవరు సరిగా వచ్చిందో లేదో తాత్కాలికంగా చూసుకోవడానికి అవి ఉపయోగపడతాయి గాని, శాశ్వతంగా ఉంచడానికి నేను ఒప్పుకోను, వేడికి పెళుసుబారతాయి, వాటి తలలు కూర్చున్నప్పుడు ఒత్తుకుంటాయి.

మధ్య గాడి పూర్తయ్యాక పక్క గాడులు, అవి అయ్యాక కవరును గట్ల మీదికి తిప్పాలి. తోలుకూ స్పాంజికీ మధ్య రాపిడి ఎక్కువ కాబట్టి కవరు మధ్యలో పట్టేస్తుంది. గట్ల మీద పలుచని పాలిథిన్ సంచి పరిచి దాని మీదుగా కవరును దించితే జారుతూ వస్తుంది, కూర్చున్నాక సంచిని కిందినుంచి లాగేయవచ్చు. ఈ దశలోనే కుట్ల లోపలి అంచులను సరిచూడాలి. కుట్టు వెనుక మిగిలే గుడ్డ అంచు ఒకచోట ఎడమకూ మరోచోట కుడికీ మడతపడితే పైన గీత పాములా వంకరలు తిరుగుతుంది, అందువల్ల పాత కవరులో అది ఎటు మడిచి ఉందో అటే ఆ పొడవునా మడవండి. తరువాత ముందు అంచు కొక్కేలు, వెనుక అంచువి, చివరగా పక్కలవి చట్రానికి తగిలించాలి. ఒక కొక్కెం అందకపోతే బలం పెట్టే ముందు మిగతావి ఒకసారి వదిలి చూడండి, సాధారణంగా లోపం ఎదుటి వైపు ఉంటుంది.

ఆనుకునే భాగానికి కవరు పైనుంచి కిందికి దిగుతుంది. ఇక్కడ కూడా ముందు లోపలి గాడులు, ఆ తరువాతే పక్కలు. హెడ్‌రెస్ట్ రంధ్రాలు కొత్త కవరులో కోసి ఉండకపోతే, పైనుంచి వేలితో నొక్కి హెడ్‌రెస్ట్ కడ్డీ దిగే గొట్టం మధ్యభాగాన్ని గుర్తించి, గొట్టం కన్నా చిన్నదైన కూడిక గుర్తు ఆకారంలో బ్లేడుతో గాటు పెట్టండి. గాటు చిన్నదైతే పెంచవచ్చు, పెద్దదైతే కవరు పోయినట్టే. ప్లాస్టిక్ గొట్టాల్లో బటను ఉన్నది ఏ వైపు ఉండేదో ఆ వైపే దిగాలి.

ఇంత చేసినా కొన్ని ముడతలు మిగులుతాయి. హెయిర్ డ్రయ్యరును జానెడు దూరంలో, ఒకచోట ఆపకుండా తిప్పుతూ వేడిచేసి, మధ్యనుంచి అంచులవైపు అరచేత్తో నిమరండి. తోలు మీద అరచేయి పెట్టి ఉంచలేనంత వేడి వచ్చిందంటే ఎక్కువైనట్టే. అతిగా వేడెక్కిన తోలు కుంచించుకుపోయి మళ్ళీ సాగదు. పక్కల మీద ఉండే లేత ముడతలు రెండు వారాలు కూర్చునేసరికి వాటంతటవే సర్దుకుంటాయి. కూర్చునే మధ్య పలకలో అడ్డంగా ముడత ఉంటే మాత్రం అది సర్దుకోదు, ఎక్కడో ఒక రింగు తప్పుచోట పడిందని గ్రహించి విప్పి సరిచేయాలి.

వెనుక సీటు సంగతి సులువు. చాలా చిన్న కార్లలో కూర్చునే భాగం ముందు అంచును పైకి గట్టిగా లేపితే క్లిప్పుల్లోంచి ఊడుతుంది, కవరు పద్ధతి ముందు సీటుదే. పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలకు కొత్త కవరులో దారి ఉందో లేదో, బెల్టు బకిళ్ళు అన్నీ పైకి వచ్చాయో లేదో మాత్రం బిగించకముందే చూసుకోండి.

తిరిగి కారులో బిగించడం, తరువాతి సంరక్షణ

సీటును లోపల పెట్టి, ముందు ప్లగ్గులు తగిలించి వాటి తాళాలు వేయండి. నాలుగు బోల్టులనూ చేత్తోనే మూడు నాలుగు చుట్లు తిప్పి, అన్నీ సాఫీగా దిగుతున్నాయని తేలాకే రెంచి పట్టండి. ఒకదాన్ని పూర్తిగా బిగించి మిగతావాటికి వెళ్తే పట్టా వంకరై చివరి బోల్టు మరలు చెడిపోతాయి. చివరి బిగింపు మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన కొలతకు టార్క్ రెంచితో చేయాలి, ఎందుకంటే ప్రమాదంలో మనిషి బరువునంతా పట్టి ఉంచేవి ఈ నాలుగే. సీటును పట్టాల మీద చివరిదాకా జరిపి రెండు వైపులా తాళం పడుతోందో లేదో చూడండి. అన్నీ అయ్యాకే బ్యాటరీ తీగ తగిలించి తాళం తిప్పండి. ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఎడమ సీటులో ఒకరిని కూర్చోబెట్టి, బెల్టు పెట్టకుండా ఉంటే హెచ్చరిక వస్తోందో లేదో కూడా చూడండి. దీపం ఆరకపోతే కారును నడపకుండా ప్లగ్గులు సరిచూసి, అప్పటికీ ఆరకపోతే స్కానరు ఉన్న వర్క్‌షాపులో చూపించాలి.

తోలు మీద కొబ్బరినూనె రాసే అలవాటు మన ఇళ్ళలో ఉంది. రాసిన రోజు మెరుస్తుంది, తరువాత మక్కు వాసన వస్తుంది, దుమ్ము పట్టి నల్లబడుతుంది, లేత రంగు బట్టలకు మరకలు అంటుతాయి. శానిటైజరు, స్పిరిటు పై పూతను కరిగిస్తాయి. తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో వారానికోసారి తుడిచి, రెండు మూడు నెలలకోసారి తోలుకు ఉద్దేశించిన కండిషనరు పలుచగా పూస్తే చాలు. తీరప్రాంతంలో ఉన్నవారు వానాకాలంలో కారును రోజుల తరబడి మూసి ఉంచకుండా అప్పుడప్పుడు తలుపులు తెరిచి గాలి ఆడనివ్వాలి. కొత్త జీన్స్ రంగు లేత తోలుకు అంటుకుంటే అదే రోజు తుడవండి, వారం గడిస్తే వదలదు.

ఊడదీసిన పాత కవరును కొన్నాళ్ళు దాచి ఉంచండి. ఒక పలక చిరిగి మళ్ళీ కుట్టించవలసి వస్తే, కుట్టేవారికి కొలత చూపడానికి అంతకన్నా నమ్మకమైన నమూనా ఉండదు. నెల రోజులు నడిపిన తరువాత నాలుగు సీటు బోల్టుల బిగువునూ మరొకసారి టార్క్ రెంచితో సరిచూసుకోండి.